బిగించిన చెయ్యి, చూసిన కన్ను

మే నెల తొమ్మిదో తారీకు, గురువారం. ఆ మధ్యాహ్నం షెడ్డులో బావా బావమరుదులిద్దరూ తిన్నది నాలుగు ఉడకబెట్టిన గుడ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, ఉప్పు చల్లుకున్న దోసకాయ ముక్కలు. చాలాకాలం తర్వాత కూడా మేస్త్రికి ఆ తారీకు, ఆ తిండి కలిసే గుర్తుకొచ్చేవి. గుడ్డు ఒలుచుకుని నోట్లో పెట్టుకున్న బావమరిది కరకరమని నమిలి, ఒక్క క్షణం ఆగి, ఏమీ జరగనట్టే మింగేశాడు. చేతిలో మిగిలిన సగానికి పెంకు ముక్క ఇంకా అంటుకునే ఉంది. ఆకలి మీదున్నాడు కాబోలు అనుకున్నాడు మేస్త్రి. అలసిపోయిన మనిషి కళ్ల ముందు జరిగేదానికి ఏదో ఒక సులువైన అర్థం చెప్పుకుని పక్కన పెట్టేస్తాడు.

కథ ఎక్కడ ఆగిందో మరిచినవాళ్లకి నాలుగు మాటలు. నర్సమ్మ తెల్లకారు ఏసీ బాగుచేయించుకోవడానికి ఆ షెడ్డుకి రావడం ఇది మూడోసారి. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. ఇంట్లో మామగారికి మూత్రపిండాలు పనిచెయ్యవు. వారానికి మూడు పొద్దుటిపూటలు ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. గంటసేపు ట్రాఫిక్‌లో వేడిగాలి కొట్టే కారులో ఆయన ప్రయాణం, దారిలో ఇప్పటికే రెండుసార్లు స్పృహ తప్పాడు. ఏప్రిల్ మొదట్లో ముందు వైపు పైపు మార్చి గ్యాసు నింపి పంపిస్తే పదిరోజులు చల్లగా ఉండి మానేసింది. రెండోసారి అతుకులన్నీ శుభ్రంగా ఉన్నాయని బావమరిది చూసి చెప్పాక, ఇంక మిగిలింది కంప్రెసరే కదా అని దాన్ని మార్చారు. పన్నెండు రోజులకి మళ్లీ వేడిగాలి. మంగళవారం కారు తెచ్చి వదిలినప్పుడు ఆవిడ గొంతు పెంచలేదు. తాళాలు బల్ల మీద పెట్టి, "మేస్త్రిగారూ, మీ మీటరైనా అబద్ధం చెబుతోంది, మీ ఇద్దరిలో ఒకరైనా చెబుతున్నారు. ఏదో ఒకటి గురువారం సాయంత్రానికి తేల్చండి. శుక్రవారం పొద్దున నాకు బండి కావాలి" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే, రోడ్డుకి అటువైపు కొత్తగా తెరిచిన అద్దాల తలుపుల కారు సర్వీసు కొట్టు ముందు, దాని యజమానితో తన బావమరిది అరగంట నిలబడి మాట్లాడటం మేస్త్రి చూశాడు. ఆ రెండూ కలిపి చూసుకోవద్దని మనసుకి రెండు రోజులుగా చెప్పుకుంటూనే ఉన్నాడు. కలిపి చూసుకుంటూనే ఉన్నాడు.

బావమరిదిని వీధంతా తమ్ముడనే పిలుస్తుంది. యాభై ఒకటి నిండిన మనిషి. మేస్త్రి భార్య బతికున్న రోజుల్లో మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి "తమ్ముడూ, చేతులు కడుక్కో" అని కేకేసేది. అది వినీ వినీ పక్కనున్న పంక్చరు కొట్టువాడూ, టీ కొట్టువాడూ, ఆఖరికి ఉత్తరాలు తెచ్చే కుర్రపోస్టుమానూ తమకంటే పదేళ్లు పెద్దవాణ్ణి తమ్ముడనడం మొదలుపెట్టారు. మేస్త్రి నోటా అదే వచ్చింది. నాకు తమ్ముడు గానీ మీకెలా తమ్ముడండీ, వరసలన్నీ కలగాపులగం చేస్తున్నారని ఆవిడ నవ్వేది. ఆవిడ పోయి మూడేళ్లయింది. పిలుపు అలాగే ఉండిపోయింది.

ఆవిడ వదిలివెళ్లింది ఇంకొకటి కూడా ఉంది. ఆ షెడ్డు కట్టుబాటు. బిగించిన చెయ్యి సరిచూడకూడదు. ఒకరు పైపు బిగిస్తే రెండోవాడు దీపం పట్టి చూడాలి. మొదట్లో ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకుని వారాల తరబడి మాటలు మానేస్తుంటే, వేగలేక ఆవిడే ఈ తీర్పు చెప్పింది. చూసినవాడు శుభ్రం అంటే శుభ్రమే. బిగించినవాడు మళ్లీ వెళ్లి చూడటమంటే నీ మాట నేను నమ్మలేదని మొహం మీద అనడమే. ఇరవై రెండేళ్లలో ఇద్దరిలో ఎవరూ రెండోసారి చూడలేదు.

ఇవాళ చూడాలి. పొద్దున మేస్త్రి గ్యాసు ఒత్తిడి చూపే మీటర్లు తగిలించాడు. నీలం మీటరు ముల్లు ఉండాల్సిన చోటికి సగంలో ఆగింది, ఎరుపుదీ అంతే. ఇంజను ముందున్న కంప్రెసరు టక్కుమని అందుకోవడం, నాలుగు సెకన్లకి టక్కుమని వదిలెయ్యడం. గ్యాసు చాలనప్పుడు అది చేసే గోల అదే. కొత్త కంప్రెసరు కారదు. కాబట్టి కారేది అతుకు. అతుకులన్నీ శుభ్రమని మంగళవారం చూసి చెప్పింది తమ్ముడు.

తిన్న కాగితాలు మడిచి డబ్బాలో పడేసి, మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

"షట్టరు దించు తమ్ముడూ."

తమ్ముడు కదల్లేదు. "ఎందుకు?"

"దీపం వేసి చూస్తాను."

"నేను చూశాను కదా."

"చూశావు."

తమ్ముడు మంచినీళ్ల సీసా మూత తిప్పి పెట్టాడు. లేచాడు. షట్టరు కిర్రుమంటూ కిందికి దిగింది. వీధి వెలుతురు ముందు నడుము దాకా, తర్వాత మోకాళ్ల దాకా, తర్వాత చెప్పుల దాకా తరిగి ఆరిపోయింది. రేకుల కింద ఎండ ఉడికిస్తున్నా, చీకటి పడగానే కంటికి కొంత హాయిగా అనిపించింది మేస్త్రికి. అంతటి సుఖానికే ప్రాణం లేచొచ్చే రోజులవి.

గ్యాసుతో పాటు రంగు కలిపిన నూనె కొంచెం ఎక్కించి నాలుగు రోజులు బండి తిప్పితే, గ్యాసు ఎక్కడ కారుతుందో ఆ రంగు అక్కడ బయటికొచ్చి అంటుకుంటుంది. మామూలు వెలుతురులో అది ఉన్నట్టే తెలియదు. చీకట్లో ఊదారంగు దీపం వేసి, పసుపు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. కంప్రెసరు మార్చిన రోజే నర్సమ్మ కారులో ఆ రంగు పోశారు. పన్నెండు రోజులు తిరిగిన బండి. కారి ఉంటే కనపడి తీరాలి.

మేస్త్రి బానెట్టు మీదికి వంగాడు. కంప్రెసరు దగ్గర రెండు అతుకులూ శుభ్రం. గ్యాసు నింపే మూతలు శుభ్రం. రబ్బరు గొట్టాల పొడుగునా దీపం నడిపించాడు. శుభ్రం. కింద నీళ్లు కారే గొట్టంలోకీ తొంగిచూశాడు. ఒక్కో చోట దొరకనప్పుడల్లా ఛాతీ మీది బరువు కొంచెం దిగుతోంది. తమ్ముడి మాట నిజమైతే బాగుండునని, అదే నిజమైతే సాయంత్రం నర్సమ్మకి ఏం చెప్పాలని, రెండు ఆలోచనలూ ఒకేసారి.

ఆఖర్న ముందు బంపరు వెనకాల, ఇనప దూలానికీ గ్యాసుని చల్లార్చే కండెన్సరుకీ మధ్య, చెయ్యి పట్టని సందులో కింది అతుకొకటి ఉంది. అక్కడికి వేళ్లు పోవు. పళ్ల డాక్టరు దగ్గర ఉండేలాంటి పుల్ల అద్దం దూర్చి, దానిమీద దీపం వేసి చూడాలి. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని అద్దం దూర్చాడు. కొంచెం తిప్పాడు.

అద్దంలో గోరంత ఆకుపచ్చ వెలుగు. అతుకు అడుగున అర్ధచంద్రంలా అంటుకుని, కింది రేకు మీదికి చుక్కగా జారి ఆగి ఉంది. దాన్ని చూడలేకపోవడం అసాధ్యం. అది కనపడలేదనడం, చీకటిగదిలో వెలిగించిన దీపం కనపడలేదన్నట్టే ఉంటుంది.

కోపం రావడానికి కొంచెం వ్యవధి పట్టింది. ముందు వచ్చింది నీరసం.

"ఎదురుకొట్టువాడు ఏమిస్తానన్నాడు?" అన్నాడు, తల తిప్పకుండానే.

"ఎవరు?"

"అద్దాల తలుపులవాడు. మంగళవారం అరగంట మాట్లాడావు కదా. ఈ కారు ఇలాగే నాలుగుసార్లు తిరిగితే నర్సమ్మ అటే పోతుంది. ఆవిడ వెనక ఆసుపత్రి బళ్లన్నీ అటే పోతాయి. అందుకు నీకేమిస్తానన్నాడు?"

అనేశాక ఆ మాట రేకుల షెడ్డులో చాలాసేపు ఉన్నట్టనిపించింది. మేస్త్రి కళ్లద్దాలు తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. దీపం ఇచ్చాడు. భుజం పట్టుకుని కారు ముందు కూర్చోబెట్టాడు.

"చూడు. చూసి, లేదని నాకు చెప్పు."

తమ్ముడు కూర్చున్నాడు. దీపం అద్దం మీదికి సరిగ్గానే పట్టాడు. అప్పుడు తలని ఎడమ పక్కకి తిప్పి, కోడి గింజని చూసినట్టు, కంటి కొసతో చూశాడు. మళ్లీ కుడి పక్కకి తిప్పి చూశాడు. ఆ తల తిప్పడం మేస్త్రికి కొత్త కాదు. ఆరేడు నెలలుగా చూస్తున్నదే. మెడ పట్టేసిందన్నాడని తనే మందుల షాపుకి వెళ్లి నొప్పి మందు కొనుక్కొచ్చాడు. రాత్రిళ్లు రాసుకో అని చెప్పాడు కూడా.

"శుభ్రంగానే ఉంది బావా."

ఆ గొంతులో అబద్ధం లేదు. ముప్ఫై ఏళ్లుగా తెలిసిన గొంతు. మేస్త్రి పక్కన కూలబడి, అద్దం తన చేతిలోకి తీసుకుని, ఆ ఆకుపచ్చ మరక నిండుగా కనపడేలా కదలకుండా పట్టుకున్నాడు.

"ఇప్పుడు?"

తమ్ముడు ఈసారి తల తిప్పలేదు. నేరుగా చూశాడు. దీపం వెలుతురులో అతని మొహం ఊదారంగుగా ఉంది. చాలాసేపటికి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నువ్వు చూపించేది తప్ప అన్నీ కనపడుతున్నాయి బావా," అన్నాడు. "దూలం కనపడుతోంది. నీ చెయ్యి కనపడుతోంది. అద్దం అంచు కనపడుతోంది. మధ్యలో ఏమీ లేదు."

*

కోప్పడటానికైనా ఏడవటానికైనా ముందు పని ఉంది. అదొక్కటే ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరికీ దక్కిన దయ. మేస్త్రి షట్టరు సగం పైకెత్తాడు. మిగిలిన గ్యాసుని యంత్రంలోకి లాగేసి, బంపరు విప్పి, అతుకు తెరిచాడు. లోపలి నుంచి చిటికెనవేలి ఉంగరమంత రబ్బరు రింగు బయటికొచ్చింది. అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. ఒక పక్క నెలవంకలా కోసుకుపోయి ఉంది. పొడిగా ఉంది.

రింగుని నూనెలో ముంచి తడి చేసి పెట్టాలి. పొడిగా పెట్టి బిగిస్తే మెలిపడి అంచు తెగుతుంది. గాలి మొత్తం లాగేసి చూసినప్పుడు అది కారదు, లోపలికే అతుక్కుని మంచిదానిలా నటిస్తుంది. గ్యాసు ఒత్తిడి లోపలినుంచి తోసినప్పుడే కొంచెం కొంచెంగా వదులుతుంది. ఈ పాఠం మేస్త్రి తన దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ మొదటి రోజే చెప్పేవాడు.

ఏప్రిల్‌లో ఈ పైపు మార్చి బిగించింది మేస్త్రే.

ఎంత గుర్తు చేసుకున్నా ఆ రోజు నూనె ఎందుకు మరిచిపోయాడో తెలియలేదు. తొందర ఏమీ లేదు. ఎవరితోనూ గొడవ పడలేదు. నూనె సీసా ఎప్పుడూ ఉండే చోటే ఉండి ఉంటుంది. మూడేళ్లుగా పొద్దున లేవడం, షట్టరెత్తడం, బిగించడం, షట్టరు దించడం. మధ్యలో చేతులు వాటంతటవే పనిచేసుకుపోయే రోజులు చాలా ఉన్నాయి. అది వాటిలో ఒకటి, అంతే.

తమ్ముడు ఆ రింగు తీసుకుని బొటనవేలితో చుట్టూ తడిమాడు. తెగిన చోట వేలు ఆగింది. పొడిగా ఉందన్న సంగతి వేలికి ముందే తెలిసిపోయి ఉంటుంది. రింగుల డబ్బా తెరిచి, గదులు లెక్కపెట్టుకుంటూ నాలుగో గదిలోంచి ఒకటి తీసి, అంచు తడిమి, వద్దని పడేసి, ఇంకొకటి తీశాడు. నూనె చుక్క వేలికి అద్దుకుని రింగు చుట్టూ తిప్పాడు. పైపు కొసకి తొడిగాడు. అతుకు కలిపి, ముందు చేత్తో, తర్వాత స్పానరుతో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. ఆ చేతులకి కళ్లతో పనిలేదు. మేస్త్రి అద్దం పట్టి చూశాడు. ఇవాళ బిగించింది తమ్ముడు, చూసింది తను. కట్టుబాటు మాత్రం తప్పలేదు.

గాలి లాగే పంపు పెట్టారు. ముప్పావుగంట ఆగాలి. పంపు ఒకటే గురక. ఇద్దరూ పాత టైర్ల మీద కూర్చున్నారు.

తమ్ముడు చెప్పుకొచ్చాడు. మొదట పోయింది నీలం మీటరు ముల్లు. చుట్టూ అంకెలన్నీ ఉండేవి, మధ్యలో ముల్లు ఉండేది కాదు. మీటరు పాడైందేమో అనుకుని కొత్తది తగిలించాడు. కొత్తదానికీ ముల్లు లేదు. గళ్ల కాగితం ఎదుట ఒక్కో కన్నూ మూయించి చూసి, కంటి వెనక పొర నడిమధ్యలో అరిగిపోతోందని డాక్టరు చెప్పాడట. అంచులు మిగులుతాయట, గుడ్డివాడు కాడట, కానీ దేన్ని చూడాలనుకుంటే అదే మాయమవుతుందట. స్కూటరు అమ్మేసింది మోకాళ్ల నొప్పికి కాదు. గ్యాసు కంప్రెసరుకి వెనక్కి వచ్చే పైపు పట్టుకుంటే చల్లదనం చేతికి తెలుస్తుంది, కంప్రెసరు మోతని బట్టి ఒత్తిడి తెలుస్తుంది. వాటితో ఏడాది నెట్టుకొచ్చాడు.

"మరి చూశానని ఎందుకన్నావు?" అన్నాడు మేస్త్రి. "కనపడకపోతే కనపడలేదనాలి గానీ శుభ్రమని ఎలా అన్నావురా?"

తమ్ముడు నేలవైపు చూస్తూ అన్నాడు. "బిగించింది నువ్వు కదా బావా. ఇరవై రెండేళ్లలో నీ చేతిలో ఒక్క అతుకు కారలేదు. నాకు కనపడేది లేదు. నీ చెయ్యిని బట్టి చెప్పేశాను."

తమ్ముడు చూశాడు కదా అని తను కంప్రెసరు మార్చించాడు. బావ బిగించాడు కదా అని తమ్ముడు చూడకుండా చెప్పాడు. మధ్యలో నర్సమ్మ మామగారు రెండుసార్లు స్పృహ తప్పాడు.

"ఎదురుకొట్టువాడి దగ్గరికి ఎందుకెళ్లావు?"

"లోపల తుడిచే పని ఏదైనా ఉందేమోనని. సీట్లూ, కింది మ్యాట్లూ. దానికి వేళ్లు చాలు. నువ్వు చూసి కనిపెట్టేలోగా నేనే వెళ్లిపోతే మర్యాదగా ఉంటుందనిపించింది."

"ఏమన్నాడు?"

"వయసెక్కువన్నాడు."

మేస్త్రి నవ్వబోయి ఆగాడు. తమ్ముడే ముందు నవ్వాడు, గొంతులో. "పాతికేళ్ల కుర్రాళ్లు కావాలట. వీధంతా తమ్ముడంటున్నారు, నేనే ఇక్కడ చిన్నవాణ్ణని చెప్పాను. వినలేదు."

పంపు ఆపారు. ముల్లు ఎక్కడ నిలబడిందో మేస్త్రి పైకి చదివాడు. పది నిమిషాలాగి మళ్లీ చదివాడు. కదల్లేదు. తూకం వేసి గ్యాసు నింపారు. కొత్త రింగుకి గ్యాసు ఒత్తిడే అసలు పరీక్ష కాబట్టి, సబ్బునురగ పూసి అద్దం పెట్టి పావుగంట చూశాడు. ఒక్క బుడగ లేవలేదు. కంప్రెసరు టక్కుమని అందుకుని, అందుకున్నట్టే ఉండిపోయింది.

*

ఐదున్నరకి నర్సమ్మ వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది, చెప్పులు చేత్తో పట్టుకోలేదన్నమాటే గానీ అంత అలసటగా నడుస్తోంది. ఏమీ అడక్కుండా డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టింది. అక్కడ గుచ్చిన చిన్న థర్మామీటరు ఆరు డిగ్రీలు చూపిస్తోంది. ఆవిడ దానివైపు చూడలేదు. కళ్లు మూసుకుంది. ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండిపోయింది. మేస్త్రి తొందర చెయ్యలేదు. ఆ రోజంతటిలో ఆవిడ తనకోసం ఉంచుకున్న నిమిషాలు అవేనేమో.

దిగాక అడిగింది. "ఏం తేలింది?"

మేస్త్రి తెగిన రింగు ఆవిడ చేతిలో పెట్టాడు. "మీటరు అబద్ధం చెప్పలేదమ్మా. ఇది నేను పొడిగా పెట్టి బిగించాను. తప్పు నాది. కంప్రెసరు మార్చాల్సిన పనే లేదు, దాని ఖర్చు నేను పెట్టుకుంటాను."

తమ్ముడు ఒకడుగు ముందుకేశాడు. "బావ బిగించింది నిజమే. చూసి శుభ్రమన్నది నేను. నాకు చూపు ఆనడం లేదు. ఆనకుండానే చెప్పాను."

నర్సమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ మొహంలో క్షమించడమూ లేదు, దులిపెయ్యడమూ లేదు.

"సిగ్నలు దగ్గర మా మామగారు తల వాల్చేసినప్పుడు వెనకాల బళ్లవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు," అంది. "అది మీరు వెనక్కి తియ్యలేరు."

"తియ్యలేనమ్మా."

"రేపు ఆయన్ని దింపేసి ఫోన్ చేస్తాను, ఎలా ఉందో చెబుతాను." రింగుని బల్ల మీద పెట్టి తాళాలు తీసుకుంది. అటు తిరిగినదల్లా ఏదో గుర్తొచ్చి ఆగింది. గొంతు మారింది. వార్డులో మంచాల మధ్య తిరిగేటప్పటి గొంతు కాబోలు అది. "అన్నట్టు రిపోర్టు వచ్చిందా తమ్ముడుగారూ? పోయిన నెల మీరూ మేస్త్రిగారి అమ్మాయీ పై అంతస్తులో, కళ్ల డాక్టరు గది బయట కూర్చుంటే నేనే ఫైలు తెచ్చి ఇచ్చాను. అమ్మాయి పాపం ఒక్క మాట మాట్లాడలేదు."

తమ్ముడు వచ్చిందన్నట్టు తల ఊపాడు. తెల్లకారు రోడ్డెక్కి, అద్దాలన్నీ మూసుకుని చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

మేస్త్రి చాలాసేపు ఆ కారు వెళ్లిన వైపే చూశాడు. కూతురికి ఇరవై ఆరేళ్లు. షెడ్డు ఫోన్లు ఎత్తేదీ, సామాన్లు తెప్పించేదీ ఆమే. తల్లి పోయాక ఇంట్లో దీపం వేసేదీ ఆమే. తండ్రిని రోజూ రాత్రి షెడ్డులో ఏం జరిగిందో అడిగి తెలుసుకునే పిల్ల.

"అయితే అమ్మాయికి తెలుసన్నమాట," అన్నాడు. "నా ఒక్కడికే తెలియదు."

తమ్ముడు స్పానర్లు తుడుస్తున్నాడు.

"ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని ముగ్గురం తింటాం. దాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లి, నాన్నకి చెప్పకని మాట తీసుకున్నావా?"

"నేను తీసుకోలేదు. చెప్పొద్దన్నది తనే."

"నీ కళ్ల సంగతి నా దగ్గర దాచడానికి దానికేం పట్టింది?"

తమ్ముడు స్పానరుని గోడ మీది మేకుకి తగిలించాడు. ముందు వేళ్లతో మేకుని వెతుక్కుని, ఆ తర్వాత తగిలించాడు. పక్కది తీశాడు. తుడిచాడు. అదీ తగిలించాడు. అప్పుడు చెప్పాడు.

"ఆ రోజు అమ్మాయి నన్ను తీసుకెళ్లలేదు బావా. నేనే అమ్మాయిని తీసుకెళ్లాను. ఇది మా అమ్మకొచ్చింది. నాకొచ్చింది. నా పేరు మీద ఆ ఫైలు లేదు."

*

ఇంటికి ఎప్పుడూ పదినిమిషాల నడక. ఆ సాయంత్రం అరగంట పట్టింది. మేస్త్రి మలుపుల దగ్గర తమ్ముడి మోచెయ్యి పట్టుకున్నాడు. తమ్ముడు వద్దనలేదు. ఏమొచ్చింది, ఎంతదాకా వచ్చింది, డాక్టరు ఏమన్నాడు అని మేస్త్రి రెండుసార్లు అడిగాడు. అది అమ్మాయి నోట వినాల్సిందే గానీ తను చెప్పేది కాదని తమ్ముడు రెండుసార్లూ ఒకే జవాబిచ్చాడు. మాట ఇచ్చినవాడి మొండితనం అది. దాన్ని మేస్త్రి తప్పుపట్టలేకపోయాడు.

ఇంట్లో అన్నం వండి మూతలు పెట్టి ఉంది. కూతురు తలనొప్పిగా ఉందని ముందే తినేసిందని చీటీ రాసిపెట్టింది. తమ్ముడు రెండు ముద్దలు తిని వెనక గదిలోకి వెళ్లిపోయాడు. మేస్త్రి కంచం కడిగి బోర్లించి, నడవలోకి వచ్చాడు. కూతురి గది తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది.

పిలుద్దామని నోరు తెరిచాడు. పిలవలేదు.

ఆమె గోడకెదురుగా నిలబడి ఉంది. గోడ మీద గళ్లు గీసిన తెల్లకాగితం ఒకటి అంటించి ఉంది. నెలరోజులుగా అది అక్కడే ఉంది, ఏ కుట్టుపని నమూనానో అనుకున్నాడతను. ఆమె అరచేత్తో ఎడమకన్ను మూసుకుని ఆ కాగితాన్ని చూస్తోంది. తర్వాత చెయ్యి మార్చి కుడికన్ను మూసుకుంది. ఈసారి చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ తలని కొంచెం, కొంచెమే, పక్కకి తిప్పింది.

మేస్త్రి కాలి కింద నేల చప్పుడు చేసిందో, అతని ఊపిరే వినపడిందో, ఆమె చెయ్యి కిందికి దించింది. వెనక్కి తిరగలేదు.

"నాన్నా, పడుకో," అంది. గొంతు మామూలుగానే ఉంది. "రేపు పొద్దున షెడ్డు తియ్యకు. నువ్వు నాతో రావాలి."

ఆ మాట చెప్పి తలుపు దాకా వచ్చింది. అతని మొహం వైపు కాకుండా భుజం వైపు చూసింది. తర్వాత, చప్పుడు కాకుండా, తలుపు దగ్గరికి వేసేసుకుంది.